లైట్‌హౌసు ఆవిడ అన్న మాట

కాపురానికొచ్చిన కొత్తలో మొగుడి గొంతు ఎలా ఉంటుందో ఇందుమతికి సరిగ్గా తెలియదు. పాండురంగారావు మూగవాడేం కాదు. తెనాలి మారిస్‌పేటలో ఆ ఇంటి పద్ధతి అలాంటిది. పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటే అప్రదిష్ట. అతను "మంచినీళ్ళు" అని గోడకి చెప్పేవాడు. గోడే తెచ్చిపెట్టినట్టు ఆమె గ్లాసు అక్కడుంచి వెళ్ళిపోయేది. రాత్రిళ్ళు మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో, గోడకి అవతల ఆడపడుచు పక్కమీద అటు నుంచి ఇటు దొర్లితే ఇవతల వినపడేది. అలాంటి గదిలో ఊపిరి పీల్చడమే ఎక్కువ.

ఇందుమతిదేమో బాపట్ల. తండ్రి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, కూతుర్ని డిగ్రీదాకా చదివించాడు. పుట్టింట్లో ఆమె నోరు విప్పిందంటే పెరట్లో కాకులు కూడా తమ వంతు కోసం ఆగేవి. అలాంటి పిల్ల తెనాలొచ్చి కందిపప్పులో రాళ్ళేరుతూ, మాటలు మింగుతూ కూచుంది. మింగిన మాట అరగదు. చింతగింజలా లోపల అలాగే ఉంటుంది.

ఇంటి ముందుగదిలో పాండురంగారావుకి వీడియోగేముల దుకాణం ఉండేది. బడి వదిలాక పిల్లకాయలు తోసుకుంటూ వచ్చి, కాల్చుకునే ఆటలూ దూకే ఆటలూ ఆడి, గది నిండా దుమ్ము పోసి వెళ్ళేవారు. మధ్యాహ్నం పూట మాత్రం ఖాళీ. అప్పుడతను ఒక క్యాసెట్టు పెట్టుకుని ఒంటరిగా కూచునేవాడు. అది పిల్లలెవ్వరూ ముట్టనిది. అందులో కొట్టుకోవడం తక్కువ, చదవడం ఎక్కువ. ఒక రాజ్యంలో నాలుగు దీపాలు ఆరిపోతాయి. ఒక కుర్రవాడు ఊరూరా తిరిగి, దారిలో దొరికిన తోడుని వెంటేసుకుని, వాటిని మళ్ళీ వెలిగించాలి. ఊళ్ళో ఎవరి ముందుకెళ్ళి మీట నొక్కినా వాళ్ళు ఏదో ఒకటి అంటారు. ఆ అన్నది తెర కింద ఇంగ్లీషు అక్షరాల్లో పడుతుంది. పదో తరగతి ఇంగ్లీషే దాటలేక చదువు మానేసిన మనిషి ఆ అక్షరాల ముందు దిక్కులు చూస్తూ ఉండేవాడు.

గడప దగ్గర చేట పెట్టుక్కూచున్న అత్తగారు కోటేశ్వరమ్మకి ఒళ్ళు మండింది.

"ఏంట్రా పాండూ, ఇందాకట్నించీ ఆ బొమ్మాయన గుమ్మంలోనే నిలబడ్డాడు? లోపలికి రానివ్వరా ఏంటి?"

"ఏదో అడుగుతోందమ్మా. ఇంగ్లీషు."

"డిగ్రీ చదివిన పిల్లని ఇంట్లో పెట్టుకుని దిక్కులు చూస్తావేరా? పప్పులో రాళ్ళు నేనేరుకుంటాలే. అమ్మాయ్, ఇటొచ్చి అదేదో చదివి చెప్పు వాడికి. ఆ బొమ్మని చూడలేక చస్తున్నాను."

అలా ఆ ఇంట్లో మొట్టమొదటిసారి, పట్టపగలు, అత్తగారి సాక్షిగా, ఇందుమతి వెళ్ళి మొగుడి పక్కన కూచుంది. పక్కనంటే మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం వదిలి.

మొదట్నించీ మొదలుపెట్టారు. మొదలుపెట్టగానే ఆట కుర్రవాడి పేరడిగింది. నాలుగక్షరాలకి మించి పట్టదట. అతను రిమోటు ఆమెకిచ్చి "నువ్వే పెట్టు" అన్నాడు. మొగుడు ఆడే ఆటకి మొగుడి పేరే కదా పెట్టాలి. మొగుడి పేరు నోటితో అనకూడదు, మరి చేత్తో రాయొచ్చా? ఇందుమతి కాసేపు తికమకపడి, ఇంగ్లీషులో వారు అని నాలుగక్షరాలు కొట్టింది. ఇక ఆ రోజు నుంచి ఆట ఆడింది వారు. గుహలోకి వెళ్ళింది వారు, గబ్బిలాల చేత దెబ్బలు తిన్నది వారు.

దెబ్బలు తిన్నాక ఊళ్ళోకొచ్చి పూటకూళ్ళమ్మ ఇంట్లో పడుకుంటే ఒంట్లోకి మళ్ళీ సత్తువ వస్తుంది. తెల్లారి లేవగానే ఆ పూటకూళ్ళమ్మ ఒకే ఒక్క ముక్కంటుంది, బాగున్నావు అని. ఆ పొడి మాట చదవబోయిన ఇందుమతి నోట్లోంచి ఇంకోటి జారిపడింది.

"లేచావా నాయనా? కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి ఉక్కకి నిద్రపట్టలేదా, ఎవరిమీదైనా బెంగా? అని అడుగుతోందండీ."

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. పాండురంగారావు తల తిప్పలేదు. తెరకేసి చూస్తూనే అన్నాడు.

"బెంగేం లేదని చెప్పు. విసనకర్ర ఒకటే ఉంది, పక్కవాళ్ళకి విసురుతూ కూచున్నానని చెప్పు."

నిన్న రాత్రి కరెంటు పోతే తెల్లారగట్లదాకా తనకి విసిరిందెవరో ఇందుమతికి తెలుసు. గడప దగ్గర కోటేశ్వరమ్మ మాత్రం మెచ్చుకుంది. "ఆ పూటకూళ్ళమ్మ మంచి మనిషిరా. డబ్బులు తీసుకునీ కుశలమడిగేవాళ్ళెవరు ఈ రోజుల్లో?"

ఇక అక్కడ్నించి ఇందుమతికి నోరొచ్చింది. ఆటలో పడవవాడు "పడవ లేదు" అంటే, "మొన్న పుట్టినరోజని చెప్పనైనా లేదేం, పాయసం చేసిపెట్టేవాళ్ళం కదా" అని పడవవాడి చేత అనిపించింది. కమ్మరివాడు "కత్తి కావాలా" అంటే, "ఆ నీలం చొక్కా నీకు నప్పింది, అదే వేసుకో" అనిపించింది. కత్తులమ్మేవాడికి చొక్కా గొడవెందుకని పాండురంగారావు ఒక్కనాడూ అడగలేదు. ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. చిన్నప్పుడు కాలవలో మునిగిపోబోయిన సంగతి పడవవాడికి చెప్పాడు. అయ్య చనిపోయినప్పుడు ఏడవలేకపోయిన సంగతి ఎవరో ముసలి మంత్రగాడికి చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పనివన్నీ ఆ తెరమీది బొమ్మలకి చెప్పాడు. ఇందుమతి మధ్యలో తపాలా బంట్రోతులా కూచుని, వచ్చిన ఉత్తరాలన్నీ తనే దాచుకుంది.

మధ్యాహ్నమయ్యేసరికి కోటేశ్వరమ్మే కేకేసేది, "కథ పెట్టండర్రా" అని. పురాణానికి కూచున్నట్టు కూచునేది. వారుకి దెబ్బ తగిలితే "అయ్యో" అనేది. దారిలో కలిసిన కప్ప ఒకటి బెకబెకమంటే, ఈ కప్పకి కూడా ఏదో కష్టం ఉండే ఉంటుందనేది.

అంతలో ఇందుమతికి నెలలు నిండొచ్చాయి. పురిటికి తీసుకెళ్ళడానికి తమ్ముడు బాపట్ల నుంచి వస్తానని కబురు చేశాడు. వెళ్ళబోయే ముందురోజు మధ్యాహ్నం ఆటలో వారు సముద్రపొడ్డుకి చేరాడు. అక్కడొక లైట్‌హౌసు. అందులో ఒంటరిగా ఒకావిడ. వారు ఎదురుగా వెళ్ళి నిలబడితే ఆవిడ "సముద్రం చల్లగా ఉంది" అంది. అంతే, ఇంకో మాట లేదు.

ఇందుమతి ఆ అక్షరాలకేసి చూస్తూ, గొంతు తడబడకుండా చదివింది.

"నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇంతమందిలో గొంతు దాటడం లేదు. నువ్వు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళు, నేను ఎదురుచూస్తూనే ఉంటాను. మళ్ళీ కలిశాక ఎవరూ లేని చోట కూచుందాం. నువ్వేం మాట్లాడకపోయినా సరే, పక్కనుంటే చాలు. అంటోందండీ."

ఆ మాటకి జవాబు రాలేదు. పాండురంగారావు రిమోటు కింద పెట్టి, టీవీ కట్టేసి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. "పాపం, ఎవరి పిల్లో" అని కోటేశ్వరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మర్నాడు ఇందుమతి బాపట్ల రైలెక్కింది. దారంతా ఆ రాని జవాబే చెవిలో.

బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేసరికి ఆట లేదు. ఆ క్యాసెట్టు లోపల ఎంతదాకా ఆడామో గుర్తుపెట్టుకునే చిన్న బ్యాటరీ ఉంటుందట, అది చచ్చిపోయింది. "మన చోటు పోయింది, మళ్ళీ మొదటికొచ్చింది" అన్నాడు పాండురంగారావు. మన అన్నందుకు ఆమెకి సంతోషమే, చోటు పోయినందుకు దిగులే. మళ్ళీ మొదలుపెడదామంటే చంటిపిల్ల లిఖిత ఏడుపు, బారసాల, బంధువులు. తర్వాత వీధివీధికీ కంప్యూటర్లొచ్చి గేముల దుకాణం మూతపడింది. కోటేశ్వరమ్మ కన్నుమూసింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. పాండురంగారావు రేపల్లె వచ్చి కేబుల్ టీవీ కనెక్షన్లిచ్చే పనిలో కుదురుకున్నాడు. లిఖితని గుంటూరులో హాస్టలుకి పంపారు.

రేపల్లె ఇంట్లో అత్త లేదు, ఆడపడుచు లేదు, గోడ అవతల పక్కమీద దొర్లేవాళ్ళు లేరు. ఎవరూ లేని చోటంటే అదే. ఆ ఇంట్లోనే మాట ఆగిపోయింది. "తలుపేసుకో", "మజ్జిగుందా", "ఫలానా వీధిలో వైరు తెగింది". రోజు మొత్తానికి అవే. లోకం మగవాడి మౌనాన్ని గాంభీర్యమంటుంది. ఆ గాంభీర్యంతో ఒకే కంచంలో తినేదాన్నడగాలి, దాని రుచి ఎలా ఉంటుందో.

తెనాలిలో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు పెట్టుకున్న జార్జి పాండురంగారావుకి చిన్ననాటి స్నేహితుడు. సరుకు కోసం మద్రాసు వెళ్ళొస్తుంటాడు. రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒకసారి వెళ్ళొచ్చి ఫోను చేశాడు. "ఒరేయ్ పాండూ, నీ దీపాల ఆట మళ్ళీ వేశార్రా. టీవీ అక్కర్లేదు, చేతిలో పట్టేంత గేము. బొమ్మలన్నీ కొత్తవి, రంగులు కళ్ళు చెదురుతున్నాయి. వస్తావా, ఎవరికైనా ఇచ్చెయ్యమంటావా?"

పాండురంగారావు చేస్తున్న పని వదిలేసి తెనాలి పరిగెత్తాడు.

ఆ పెట్టె ఇంట్లోకొచ్చిన రోజు ఇందుమతికి మళ్ళీ పెళ్ళికూతురైనంత సంబరమైంది. పైకి కనపడనిస్తుందా! కాఫీ గ్లాసు పెట్టే వంకతో అతని భుజం మీంచి తొంగిచూసింది. తెర అరచేతి కన్నా చిన్నది. ఇద్దరికి పట్టదు. ఈసారి పేరుకి ఎక్కువ అక్షరాలు పడతాయి గనక కుర్రవాడికి పాండురంగ అని సొంత పేరే పెట్టుకున్నాడు. వారు లేడు. ఇన్నేళ్ళు కేబుల్ యంత్రాల పుస్తకాలు తిరగేసి తిరగేసి ఇంగ్లీషు పట్టుబడింది గనక పెదాలు కదుపుతూ తనే చదువుకుంటున్నాడు. పాత క్యాసెట్టులో వచ్చీరాని ఇంగ్లీషుండేది, దీన్లో వేరేవాళ్ళెవరో శుభ్రంగా తిరగరాశారు. అరటిపండు ఒలిచిపెట్టినట్టుంది. చదివిపెట్టేవాళ్ళతో పనిలేదు.

ఇందుమతి అతని చుట్టూ తిరిగింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. ఒక్కసారి "ఇదేంటో చదువు" అంటాడేమోనని. అనలేదు.

అలాంటిది ఒక పొద్దున కాఫీ తాగుతూ, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆ మనిషి వరసగా మాట్లాడాడు.

"ఇందూ, వీళ్ళు ఆట పాడుచేశారే."

"ఏమైందండీ?"

"పూటకూళ్ళమ్మ ఏం అడగడం లేదు. ఎన్నిసార్లు పడుకుని లేచినా సుప్రభాతం అంటుంది, ఊరుకుంటుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎవరిమీదైనా బెంగా అనేది చూడు, అది తీసేశారు. పడవవాడు పాయసం సంగతెత్తలేదు. కమ్మరి చొక్కా మాట అనలేదు. రంగులేసి, ఎక్కడా లేని గుహలు కలిపి, అసలు మాటలన్నీ కోసి పారేశారు. దద్దమ్మలు."

ఇందుమతి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఒక్క ముక్క పోకుండా అన్నీ గుర్తున్నాయి ఈ మనిషికి. తను మరిచిపోయినవి కూడా. సంతోషంతో ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఇతను బెంగపడుతున్నది ఆ పూటకూళ్ళమ్మ కోసమా? ఎదురుగా నిలబడి రోజూ కాఫీ ఇచ్చే మనిషిని వదిలేసి, తెరమీది బొమ్మ మాట కోసమా? తన మాటలే తనకి సవతులై కూచున్నాయి.

చెప్పేద్దామనుకుంది. అవన్నీ నేనన్నవేనండీ అని. చెబితే ఏమవుతుంది? ఇన్నాళ్ళు మోసం చేశావా అంటే? తండ్రి సంగతీ కాలవ సంగతీ తెలియకుండా అతని కడుపులోంచి లాగేసుకుందని మనసు విరిగితే? ఈ నాలుగు మాటలు కూడా ఇంకిపోతాయి. నోరు మూసుకుంది. బాపట్ల కాకుల్ని ఆపిన నోరు.

ఆ వారమే అతను లైట్‌హౌసు దాకా వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే "తెనాలి వెళ్దాం పద, జార్జిగాణ్ణి అడగాలి" అని బయల్దేరదీశాడు. నన్నెందుకంటే, "అప్పుడు చదివింది నువ్వే కదా. సాక్ష్యం" అన్నాడు.

జార్జి కొట్లో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. పాండురంగారావు గేము బల్లమీద పెట్టి నిలదీశాడు.

"పాతది కావాల్రా. కోతలు లేనిది. ఇందులో లైట్‌హౌసు ఆవిడ సముద్రం చల్లగా ఉంది, జాగ్రత్త బాటసారీ అంటోంది. అంతేనట్రా ఆవిడనేది?"

"ఇంకేం అనాల్రా? వాతావరణం చెప్పింది, జాగ్రత్త చెప్పింది. నీకేమన్నా మేనత్తా?" అని జార్జి నవ్వాడు. "ఒరేయ్, వీళ్ళు మళ్ళీ వేసేటప్పుడు కలుపుతారు గానీ తీసెయ్యర్రా. ఒక దీవి కొత్తగా కలిపారు, అట్ట మీద రాసుంది. నువ్వెక్కడో కలగన్నావు."

"కలేంట్రా? మా అమ్మ విని ఏడ్చింది."

"మీ అమ్మ కోడిపిల్ల తప్పిపోయినా ఏడ్చేది. వదినగారూ, మీరు చదివారంటున్నాడుగా, మీరు చెప్పండి. అన్నదా ఆవిడ?"

ఇద్దరూ ఆమెకేసి తిరిగారు. పాండురంగారావు కళ్ళల్లో ఆశ చూసి ఇందుమతి బల్లమీది గేముకేసి చూపు తిప్పుకుంది.

"ఎప్పటి మాటండీ," అంది. "నాకు గుర్తులేదు."

అతని మొహం వాడిపోయింది. బల్లమీది గేము తీసి జేబులో పెట్టుకున్నాడు.

రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన కూచోబెట్టాడామెని. గేము తియ్యలేదు. కోసిన పొలాలు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. వేమూరు దాటాక, ఆమెకి చెబుతున్నాడో కిటికీకి చెబుతున్నాడో తెలియకుండా అన్నాడు.

"ఆ రోజు ఆవిడకి జవాబు చెప్పలేకపోయాను. అమ్మ ఉంది అక్కడ. నువ్వు పురుటి నుంచి వచ్చాక, అక్కడ్నించే పెట్టి చెబుదామనుకున్నాను. చోటు పోయింది. ఇన్నాళ్ళకి దొరికిందనుకుంటే, ఆవిడ అడగడమే లేదు. అడగనిదానికి ఏం చెబుతాం?"

భట్టిప్రోలులో జామకాయల బుట్టతో ఒకామె ఎక్కి వాళ్ళిద్దరి మధ్యా చోటుచేసుకు కూచుంది. ఇందుమతికి మొట్టికాయ వేద్దామన్నంత కోపం వచ్చింది, జామకాయలామెకి కాదు, తనకి తనే.

ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. కరెంటు లేకపోతే కేబులు లేదు, కేబులు లేకపోతే పాండురంగారావుకి పని లేదు. చాపేసుకుని గోడకానుకుని గేము తీశాడు. మళ్ళీ లైట్‌హౌసు దగ్గరికే వెళ్ళాడు కాబోలు, అదే మీట మళ్ళీ మళ్ళీ నొక్కుతున్న చప్పుడు వంటింట్లోకి వినపడుతోంది.

ఇందుమతి చెంబు కింద పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎంతసేపు నొక్కినా ఆవిడ చెప్పదు. ఆవిడ అప్పుడూ చెప్పలేదు."

అతను తలెత్తాడు.

"జార్జిగారి దగ్గర అబద్ధమాడాను. నాకన్నీ గుర్తున్నాయి. ఆ మాట ఆవిడది కాదు. నాది."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పాండురంగారావు గేముని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పూటకూళ్ళమ్మ?"

"నేనే."

"పడవవాడు?"

"నేనే. వాడు పడవ లేదన్నాడంతే."

"కమ్మరి?"

"కమ్మరికి మీ చొక్కాతో ఏం పనండీ? ఆ మాత్రం తెలియలేదా?"

"కప్ప?"

"కప్ప ఒక్కటీ నిజం. అది బెకబెకమనే అంది."

నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. అతని చూపు నేలమీద ఉంది. అయిపోయింది, ఉన్న నాలుగు మాటలూ పోయాయి అనుకుంది.

"నేను జవాబులు నీకే చెప్పాను," అన్నాడతను. "ఆ వంకతో నీకు చెప్పుకుంటున్నాననుకున్నాను. నువ్వు మాత్రం ఉట్టినే చదువుతున్నావనుకున్నాను. నాకొక్కడికే ఆ పిచ్చి ఉందనుకున్నాను."

అతను గోడ పక్కకి కాస్త జరిగాడు. చాపమీద చోటయింది. ఇందుమతి వచ్చి కూచుంది. మధ్యలో ఎవరూ పట్టనంత దగ్గరగా, ఎందుకంటే ఆ తెర అంత చిన్నది. లైట్‌హౌసు ఇప్పుడు ఎర్రగా తెల్లగా రంగులేసుకుని ఉంది. అలలు నిజంగా కదులుతున్నాయి. ఆవిడకి కొత్తగా జడ కూడా పెట్టారు.

"మళ్ళీ చదవనా?" అంది ఇందుమతి.

"వద్దు. అది నాకు వచ్చు." గొంతు సవరించుకున్నాడు. "ఆవిడకి చెప్పు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చెప్పడానికి ఆవిడంటూ ఎవరూ లేరు కదా ఇప్పుడు. మీట మీద బొటనవేలు ఊరికే ఆడుతోంది. ఒకసారి నోరు తెరిచాడు, మూశాడు. చెవుల దగ్గర నెరిసిన జుట్టులోంచి చెమట కారుతోంది. ఈ వయసులో, సొంత ఇంట్లో, తలుపులేసున్న గదిలో, ఆ మనిషికి కొత్త పెళ్ళికొడుక్కి పట్టినంత భయం పట్టింది.

ఇందుమతి తెరకేసి చూడలేదు. విసనకర్ర అందుకుని, అతనికి నెమ్మదిగా విసురుతూ, ఆ పెదాలకేసి చూస్తూ కూచుంది.